ఎన్నికల్లేని శనివారాలు

"ఎన్నికలు అయిపోయాయి కదా! ఇంకా ఏం కావాలి?"

తలుపు సగమే తీసి విసుక్కున్నాడు థాడియస్. బయట మంచు కురుస్తోంది. కనురెప్పల మీద ఆ మంచుతోనే నవ్వుతూ నిలబడింది ఓ అమ్మాయి.

"ఓటు కోసం కాదండీ. నగర సభ వాళ్ళు మీ వీధి బస్సు తీసేసే ఆలోచనలో ఉన్నారు. తెలుసా?"

"రెండేళ్ళకోసారి వస్తారు, నవ్వుతారు, పోతారు. మిల్వాకీలో ఈ ఉత్తరం వైపు మనుషులున్నారని మిగతా రోజుల్లో ఎవరికీ గుర్తుండదు."

"అందుకే ఎవరూ రాని రోజుల్లో వస్తున్నా. నా పేరు రెనీటా. బస్తీల కోసం పనిచేసే సంఘం మాది."

లోపల్నుంచి అమ్మమ్మ ఎర్నెస్టీన్ కేకేసింది. "ఒరేయ్, ఆ పిల్లని చలిలో నిలబెట్టి ఉపన్యాసమేంట్రా? లోపలికి రానీ!"

ఆ బస్సు లేకపోతే అమ్మమ్మకి ఆసుపత్రీ లేదు, చర్చీ లేదు. సెలూన్‌లో కత్తెర ఆడిస్తూ రోజంతా వాగే థాడియస్ తలుపు పూర్తిగా తీశాడు.

తర్వాతి శనివారం నుంచి రెనీటాతో పాటు అతనూ బస్సు కోసం జనాన్ని కూడగడుతూ ఇల్లిల్లూ తిరిగాడు.

"తలుపు తడుతున్నావా, పగలగొడుతున్నావా?" అని వెక్కిరించేది.

"నువ్వు తడితే పిల్లి కూడా లేవదు."

వసంతంలో నగర సభకి వీధి వీధంతా కదిలింది. అమ్మమ్మ మైకు పట్టుకుని వదిలితే ఒట్టు! బస్సు వీధికి దక్కింది. ఆ సంబరంలో మనసులో మాట చెప్పేద్దామని అతను నోరు తెరిచేలోపే రెనీటా అంది:

"సంఘం వాళ్ళు నన్ను బెలాయిట్ ఊరికి పంపుతున్నారు. అక్కడ మొదట్నుంచీ మొదలెట్టాలి."

"మంచిదే," అన్నాడు.

ఆమె అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి వెళ్ళిపోయింది.

వేసవంతా వీధి సమస్యల కోసం ఒక్కడే ఇల్లిల్లూ తిరిగాడు. ఏ గుమ్మంలో నిలబడ్డా ఒకటే ప్రశ్న: "ఆ అమ్మాయేది బాబూ?" పక్కన అడుగుల చప్పుడైనట్టనిపించి తిరిగి చూసేవాడు. ఎవరూ ఉండేవారు కాదు. ఫోన్‌లో ఆమె పేరు తీసి, కాసేపు చూసి, జేబులో పెట్టేసుకునేవాడు.

ఆకులు రాలే రోజులొచ్చాయి. అమ్మమ్మ ఇక ఉండబట్టలేకపోయింది.

"ఊరందరితో గంటలు గంటలు మాట్లాడతావు. ఆ పిల్లకి ఒక్క మాట చెప్పలేవూ? లే, వెళ్ళు!"

వెళ్ళాడు. బెలాయిట్‌లో డబ్బులేసి బట్టలుతుక్కునే షాపులో, గిర్రున తిరిగే మెషీన్ల మధ్య ఆడవాళ్ళతో మాట్లాడుతోంది రెనీటా. అతన్ని చూసి మాట మధ్యలోనే ఆగిపోయింది.

"ఎవరు పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. నువ్వు లేక నాకేం బాగోలేదు. నువ్వంటే ఇష్టం రెనీటా. ఆ రోజే చెప్పాల్సింది."

"ఆ రోజు వెళ్ళొద్దంటావేమోనని చూశాను."

"అంటే ఆగేదానివా?"

"ఆగేదాన్ని కాదు." కళ్ళు తుడుచుకుంది. "కానీ వినాలనుండింది."

దుప్పటి మడతపెడుతున్న ఓ పెద్దావిడ అరిచింది. "ఆ మెషీన్ ఆపండే, సరిగ్గా వినపడి చావట్లేదు!"

షాపంతా ఘొల్లుమంది. ఇద్దరూ సిగ్గుపడి బయటికొచ్చేసరికి వాన అందుకుంది.

"అవతలి వీధిలో ఇంకా బోలెడు ఇళ్ళున్నాయి," అంటూ రెనీటా గొడుగు విప్పింది. "వస్తావా? ఇందులో ఇద్దరం పట్టం మరి."

థాడియస్ ఆమె చేతిలోంచి గొడుగు అందుకున్నాడు.

"దగ్గరగా నడుద్దాం."