అబద్ధానికో లోగో

"అబద్ధానికి కూడా లోగో చేశావా?"

ఆమె అలా నిలదీసేసరికి అతనికి నవ్వాలో, బల్ల కింద దూరాలో తెలియలేదు.

ఇద్దరూ కలిసి పెట్టుకున్న డిజైన్ ఏజెన్సీ అది. అతను బొమ్మలు గీస్తాడు, ఆమె మాటలు రాస్తుంది. నాలుగేళ్ళు ఊళ్ళోవాళ్ళ షాంపూలకీ బిస్కెట్లకీ పెట్టెలు చేసి, ఇప్పుడు సొంత సరుకు తెస్తున్నారు. మూత్రం ఆపుకోలేని పెద్దవాళ్ళు వేసుకునే ప్యాడ్లు. ఆలోచన ఆమెది. అతను వెంటనే సరేనన్నాడు. ఆమె ఏమన్నా సరేననే స్థితిలో ఉన్నాడు అప్పటికే.

నిన్న పెళ్ళి మాటలకు ఆమె ఇంటికి వెళ్ళాడు. "మా నాన్నకు ఈ ప్యాడ్ల సంగతి ఇద్దరం కలిసి చెబుదాం, నా ఒక్కదానికి ధైర్యం చాలదు" అని ఆమె ముందే అంది. తీరా ఆయన "ఏం అమ్మబోతున్నారు బాబూ?" అనగానే అతను సంచీలోంచి సబ్బు పెట్టె తీశాడు. లేతాకుపచ్చ మీద తెల్లపువ్వు. లేని సబ్బుకి పేరు, లోగో, లోపల బరువుకి చెక్కముక్క. ఆయన మురిసిపోయి స్నేహితులకు పంచడానికి పది అడిగాడు.

"ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు" అన్నాడతను.

"నోరు రాలేదు సరే, ఇది చెయ్యడానికి చేతులెలా వచ్చాయి? ఎన్నాళ్ళు పట్టింది?"

"మూడు రోజులు."

ఆమె ప్యాడ్ల అసలు పెట్టెను సబ్బు పెట్టె పక్కన పెట్టింది. బూడిదరంగు. సరుకేమిటో అడుగున చీమతలంత అక్షరాల్లో ఉంది.

"దీనికి?"

"... ఒక పూట."

అతని చెవులు కాలిపోయాయి.

"రేపు నా గురించి ఎవరైనా అడిగినా ఇలాగే ఇంకో రంగు పూసి చూపిస్తావు" అని సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది.

పిలిస్తే ఆగేదేమో. అతను సిగ్గుతో సబ్బు పెట్టెను సొరుగులోకి తోస్తూ ఉండిపోయాడు. ఇంతింత చిన్న ఆలస్యాలతోనే మనుషులు ఏళ్ళకేళ్ళు దూరమైపోతారు.

నాలుగు రోజులు ఆమె రాలేదు. ఐదో రోజు జోరువానలో అతను వాళ్ళ తలుపు తట్టాడు. చొక్కా కింద కొత్త పెట్టె. పసుపుపచ్చ రంగు, సరుకేమిటో పెద్ద అక్షరాల్లో.

"సబ్బులు తెచ్చావా?" అన్నాడు వాళ్ళ నాన్న.

"సబ్బే లేదండీ. మూత్రం ఆపుకోలేని వాళ్ళు వేసుకునే ప్యాడ్లు అమ్ముతున్నాం. మొన్న సిగ్గుపడి మీకు అబద్ధం చెప్పాను."

ఆయన వీధికి అటూ ఇటూ చూశాడు. "ముందు లోపలికి రా నాయనా, నెమ్మదిగా మాట్లాడు!"

లోపల కూతురు నిలబడి ఉంది.

"నువ్వు చేసేదీ ఇదేనా తల్లీ?"

"అవును నాన్నా. పెట్టె మీద మాటలు నావే. మొన్న నేనూ నోరు మూసుకునే కూర్చున్నాను."

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని, ఒకసారి చదివి, మళ్ళీ మొదటినుంచి చదివాడు. పెట్టెను బోర్లించబోయి, ఆగి, బల్ల మీద నిలబెట్టాడు.

"నలుగురిలో చెప్పుకోవడానికి నాకు కొన్నాళ్ళు పడుతుందమ్మా. పెళ్ళికి మాత్రం అడ్డు చెప్పను. వాడు వణికిపోతున్నాడు, తువ్వాలివ్వు."

ఆమె తువ్వాలు తెచ్చి అందించింది.

"సిగ్గు పోయిందా?" అంది గుసగుసగా.

"ఎక్కడ? చచ్చేంత ఉంది."

"నాకూ" అంది, తన వైపు తువ్వాలు కొస వదలకుండా.