అవ్వ బొమ్మకు జమున కండ్లు

మెట్‌పల్లిల ఎవలు పోయినా, దినాల లోపల బొమ్మ కావాలని నా దుకాణానికే వస్తరు. నేను పెయింటర్ నాగయ్యను. బోర్డులు రాస్త, పోయినోళ్ల బొమ్మలు గీస్త. ముప్పై ఏండ్ల సంది ఊరందరి అవ్వలను గీసిన. నన్ను కన్న మా అవ్వను మాత్రం గీయలే.

పాపం, ఎన్నిసార్లు అడిగిందో. బీడీలు చుట్టుకుంటనే "నా బొమ్మెప్పుడు గీస్తవురా కొడుకా?" అంటుండె. "నువ్వు సచ్చినంక గీస్త తియ్, తొందరేంది?" అని నవ్విన. నా నోట్ల మన్నువడ! మొన్న వానకాలంల రెండొద్దులు జరమొచ్చింది, మూడోనాడు అవ్వ లేదు.

ఫొటో అంటే ఆధార్ కార్డు మీదిదొక్కటే. అండ్ల మొఖమంత నల్లగ మాసివోయింది. పదోనాడు ఇంట్లనే కూసోని పొద్దుగూకేదాక ముక్కు, పెదవులు, నెరిసిన ఎంటికలు యాది చేసుకుంట గీసిన. కండ్ల కాడికొచ్చేసరికి చెయ్యి ఆగింది. ఎంత కొట్లాడినా ఆ సూపు యాదికి రాలే. తెల్లారితే దినాలు. చుట్టాలంత దండలు పట్టుకొని వస్తరు. కండ్లు లేని అవ్వకు దండెట్ల ఏస్తరు?

మా చెల్లె జమునకు అచ్చం అవ్వ కండ్లే. నాకు పని నేర్పిన హనుమండ్లు సారు ఒక్క మాట చెప్పిండు. "సచ్చినోళ్ల కండ్లు యాదికి రాకుంటే మూసి గీయి. బతికున్నోళ్లను ముంగట కూసోవెట్టి గీయకు." ముసలోని చాదస్తమనుకున్న. జమునను పిలిచి, అవ్వ చీర కట్టుకొని కూసోమన్న.

"గిదేం పని అన్నా, నాకు భయమైతుంది" అన్నది.

"జరసేపే. అవ్వ కోసం."

ఆ మాటకు కాదనలేక కూసున్నది.

బయట వాన దంచికొడుతుంది. కరెంటు పోయింది. దీపం ముట్టిచ్చిన. ఎడమ కన్ను అయ్యింది. కుడి కన్నుల ఆఖరి తెల్లచుక్క పెట్టిన. ఆ చుక్కతోనే సూపుకు పానమొస్తది.

రంగుల్ల కలిపే టర్పెంటైన్ వాసన పోయింది. తునికాకు వాసన... తంబాకు వాసన. ఇంట్ల బీడీలు చుట్టుడు బందయ్యి పదొద్దులాయె.

జమున తల వంచుకొని ఉన్నది. ఒడిల చేతులు కదులుతున్నయ్. వేళ్లు ఏందో చుడుతున్నయ్... ఆకు లేదు, తంబాకు లేదు. జమున బుద్ధెరిగి ఒక్క బీడీ చుట్టలే.

"జమునా..."

"తిన్నవా కొడుకా?"

అవ్వ గొంతు.

అబద్ధమెందుకు చెప్పాలె, భయంకంటె ముందు సంతోషమే అయ్యింది. ఉరికి పోయి కాళ్ల మీద పడ్డ. "తప్పయింది అవ్వా, నవ్వులాటకు అట్లన్న" అని ఎక్కెక్కి ఏడ్చిన. ఆమె నా తల నిమిరింది. పదొద్దుల సంది ఆ చెయ్యి కోసమే నా పానం కొట్టుకున్నది.

అప్పుడు ఎనుక నుంచి ఇనవడ్డది. సన్నగ... గోడ అవతలికెల్లి వచ్చినట్టు.

"అన్నా..."

తిరిగి సూసిన. బొమ్మ తప్ప ఎవలు లేరు. అవ్వ మొఖంల జమున కండ్లు... నన్నే సూస్తున్నయ్. నేను పెట్టిన తెల్లచుక్క వణుకుతుంది.

"అన్నా, నన్ను గిండ్లకెల్లి తియ్యి..."

అయ్యో, ఎంత పని చేస్తిని! టర్పెంటైన్ల ముంచిన గుడ్డ అందుకున్న. రంగు ఇంక ఆరలే. ఒక్క తుడుపుకు కండ్లు పోతయ్. అట్ల తుడుస్తే చెల్లె వాపసొస్తదా? రంగుతోటే పోతదా? ఎవలనడగాలె, హనుమండ్లు సారు పోయి ఏడేండ్లాయె. అవ్వ మాత్రం మల్ల పోతది. ఈసారి నా చేతులతోనే.

గుడ్డ బొమ్మ దాక తీస్కపోయిన. తుడువలేకపోయిన.

అవ్వ మోకాలు పట్టుకొని లేసింది. నా పక్కకొచ్చి నిలవడ్డది. బొమ్మను శానసేపు సూసింది.

"మంచిగ గీసినవ్‌రా" అన్నది.

తర్వాత ఇల్లంత కలెజూసింది. అర్రలకు తొంగిసూసింది. వాకిట్లకు పోయి, వానల నిలవడి, మల్ల నా దిక్కు తిరిగింది.

"జమునేదిరా? గింత వానల పిల్ల ఏడికి పోయింది?"

బొమ్మల కండ్లు మెల్లగ... అవ్వ దిక్కు తిరిగినయ్.