అమావాస్య నాటి కునుకు

ఎమ్మిగనూరులో ఈరప్ప ఇంట్లో ముందు గది మగ్గానిది, లోపలి గది పడకది. మధ్యన తలుపు లేదు, పాత చీర తెర ఒకటి. నెలల తరబడి ఈరప్పకు కంటి మీద కునుకు లేదు. పగలు మగ్గం ముందు చేతులు వణికి పోగులు తెగిపోతున్నాయి. ఇట్లాగే సాగితే, తెలిసిన ఒక్క పనీ చేతుల్లోంచి జారిపోతుంది. పక్కన భార్య మల్లేశ్వరి మాత్రం తల వాల్చగానే గుర్రు పెడుతుంది. ఆ గురక వింటే అతనికి ఒళ్లు మండేది.

ఆదోని డాక్టరు మాత్రలివ్వలేదు. "పడుకొని నిద్రతో కుస్తీ పట్టొద్దప్పా. నిద్ర పట్టకపోతే లేచి, విసుగొచ్చే పనేదైనా చేసుకో. కళ్లు మూతలు పడినప్పుడే పడక ఎక్కు. పగలు కునుకు తీయొద్దు" అన్నాడు.

నేత కంటే విసుగొచ్చే పనేముంది! రాత్రిళ్లు మగ్గం కింది మట్టి గుంటలో కాళ్లు పెట్టి నేస్తూ కూర్చున్నాడు. ఆవలింతలొచ్చేవి, పడక ఎక్కగానే ఎగిరిపోయేవి.

అమావాస్య వచ్చింది. నేతగాళ్లు ఆ రోజు మగ్గం ముట్టరు. మల్లేశ్వరి మగ్గానికి పసుపు కుంకుమ పెట్టి, ఊదుబత్తి వెలిగించి, "ఈ పొద్దు దాని జోలికి పోవాకు. ఈ రేయి అది మనది కాదు" అనింది.

"మనది కాకుంటే యారిదే? నా బాధ నీకేం ఎరుక!" అని విసుక్కున్నాడు.

నడిరేయి దాటినా నిద్ర లేదు. పొర్లి పొర్లి విసిగి లేచాడు. అమావాస్యా లేదు, గిమావాస్యా లేదు అనుకుంటూ గుంటలోకి కాళ్లు దించాడు. ఆరిపోయిన ఊదుబత్తి వాసన. కాళ్ల కింద మట్టి ఎప్పుడూ లేనంత చల్లగా, తడిగా ఉంది. నాలుగు పోగులు నేశాడో లేదో రెప్పలు వాలిపోయాయి. కాళ్లు కడుక్కుని పడక ఎక్కాడు.

టక్... టక్...

మగ్గం ఆడుతోంది. మల్లేశ్వరి అనుకుని చెయ్యి చాపాడు. ఆమె పక్కనే ఉంది. లేచి చూడాలి... కానీ ఇన్నాళ్లకు నిద్ర వస్తోంది. ఆ చప్పుడుకే వస్తోంది. లేస్తే పోతుంది.

ఎవరైతే నాకేం, నేసుకోనీ... అనుకున్నాడు.

తెల్లవారి, ఒళ్లు తేలికై కళ్లు తెరిచాడు. మల్లేశ్వరి దూరంగా గోడకు ఆనుకుని కూర్చునుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మగ్గం సప్పుడుకు లేసి తెర తీసి సూసినా" అని గుసగుసలాడింది. "నేస్తాండేది నువ్వే. పిలిస్తే తిరగలేదు. ఎనక్కి సూస్తే... పడక మీద గురక పెడ్తాండేదీ నువ్వే."

"పిచ్చి పట్టిందా నీకు?"

"కోడి కూసినాక మగ్గం నిలిచిపాయ. ఇప్పుడు ఆడ యారూ లేరు." ఆమె దగ్గరికి రాలేదు. "ఒక్క మాట సెప్పు. ఇద్దర్లో నువ్వు యారు?"

ఈరప్పకు కోపం ముంచుకొచ్చింది. ఇన్నాళ్లకు నిద్రపోతే ఇదా మాట! దుప్పటి ఒక్క తన్ను తన్నాడు...

కడుక్కుని పడుకున్న కాళ్లకు, మోకాళ్ల దాకా, గుంటలోని మట్టి. ఇంకా ఆరలేదు.