మాస్టారి టేపులు

మాస్టారిని లాంగ్వేజ్ లాబ్‌లోనే కాల్చేశారు. హెడ్‌ఫోన్స్ ఇంకా చెవులకే ఉన్నాయి. ఎదురుగా టేప్ తిరుగుతోంది.

"టీచ్... హు... టాట్. బ్రింగ్... హు... బ్రాట్."

ప్రతి రెండో మాటకి ముందూ ఒక ఎగశ్వాస. ఏజెన్సీవాళ్ళకి ఇంగ్లీషు నేర్పడానికి మాస్టారు ఉబ్బసం ముదిరాక చేసిన రికార్డింగ్ అది. మిగతా టేపుల్ని ఆ మధ్య ఎవరో ఎత్తుకుపోయారు. దొంగ కోసం మాస్టారు వెతుకుతూనే ఉన్నారు. ఇంతలో ఇలా అయింది.

"మాస్టారు కాక లాబ్ తాళంచెవులు ఇద్దరి దగ్గరే ఉన్నాయి," అన్నాడు చీఫ్. "ఒకరు మేడమ్. విదేశీ ముఠాని వదిలి మనవైపు వచ్చిన డబల్ ఏజెంట్."

"రెండోవాళ్ళు?" అడిగింది పిచ్చుక. నోట్లోంచి మాట రాదని ఏజెన్సీవాళ్ళు వెక్కిరింతగా పెట్టిన పేరది.

"మీ అక్క."

పిచ్చుక చెయ్యి చాచి టేప్ ఆపేసింది.

"శాంతి చర్చల్లో వాళ్ళిద్దరే ఇంటర్‌ప్రెటర్లు. హాల్లో బాంబుంది. ఇద్దరిలో మాస్టారిని చంపినవాళ్ళ దగ్గరే రిమోట్ ఉంది. ఆఖరి ప్రసంగం అవగానే నొక్కుతారు. మీటింగ్ ఆపినా, తప్పుమనిషిని ముట్టుకున్నా, ఆ క్షణమే నొక్కుతారు." చీఫ్ ఒక పెన్ను అందించాడు. క్యాప్ తిప్పితే విషపుసూది దూసుకెళ్తుంది. "ఎవరో నువ్వే తేల్చాలి."

"తేల్చలేకపోతే?"

"మీ అక్కనే కొట్టు. మేడమ్‌కి పైనుంచి గ్యారంటీ ఉంది."

*

హాలుకి పైన మందపాటి అద్దాల బూత్. సౌండ్ టెక్నీషియన్ వేషంలో పిచ్చుక వెనక కూర్చుంది.

"ఆ టోపీ ఏంటే, సైకిల్ షాపులో అప్పు తెచ్చావా?" అక్క గుసగుసలాడింది.

పిచ్చుక నవ్వలేదు. జేబులో పెన్ను అక్కవైపే ఉంది.

మేడమ్ సిల్క్ స్కార్ఫ్ సర్దుకుంది. బూతంతా సెంటు వాసన. "మైక్ కాస్త జరుపు బంగారం. నేనూ మీ మాస్టారి శిష్యురాలినే. ముందు బెంచీ నాదే."

ముందుగా అక్క వంతు. ఇంగ్లీషు నీళ్ళలా సాగిపోయింది. మధ్యలో చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళింది. పిచ్చుక వేలు క్యాప్ మీద బిగుసుకుంది.

అక్క దగ్గుబిళ్ళ తీసి నోట్లో వేసుకుంది.

ఆఖరి ప్రసంగం మొదలైంది. కింద ఒక ముసలి ప్రతినిధి తన భాషలో యుద్ధం సంగతి చెబుతున్నాడు. మేడమ్ ఇంగ్లీషులోకి మారుస్తోంది.

"వుయ్ ఫాట్. వుయ్ లాస్ట్."

ఒక్క తప్పు లేదు. పిచ్చుక వాల్యూమ్ పెంచింది.

"వుయ్... హు... ఫాట్. వుయ్... హు... సాట్ పీస్."

చచ్చిపోయిన మనిషి ఊపిరి ఈ ఆడమనిషి నోట్లో ఉంది.

మాస్టారి ముందు కూర్చుని చదివినవాళ్ళెవరూ ఆ ఎగశ్వాస నేర్చుకోరు. ఆయన గుండె పట్టుకుని ఆగిపోవడం, అక్క పరుగెత్తి మంచినీళ్ళు తేవడం పిచ్చుక ఎన్నిసార్లు చూడలేదు! చూసినవాళ్ళకి అది జబ్బు. ఎత్తుకుపోయిన టేపుల్లో మాత్రమే విన్నవాళ్ళకి అదీ ఉచ్చారణే.

ప్రసంగం ముగిసింది. మేడమ్ లిప్‌స్టిక్ మూత తీసింది. అడుగున ఎర్రటి బటన్. బొటనవేలు దాని మీదికి వెళ్ళింది.

పిచ్చుక పెన్నుని మేడమ్‌కి గురిపెట్టి క్యాప్ తిప్పింది.

మేడమ్ కుర్చీలోనే ఒరిగింది. జారిపోతున్న లిప్‌స్టిక్‌ని అక్క రెండు చేతులతో పట్టుకుంది. కింద చప్పట్లు మోగాయి.

అక్క మేడమ్‌ని చూసింది. పెన్నుని చూసింది. తర్వాత చెల్లెల్ని చూసింది.

"పొద్దున్నుంచీ అది నావైపే ఉంది కదే?"

"ఆర్డరక్కా."

"తిప్పేదానివా?"

పిచ్చుక క్యాప్ బిగించి పెన్ను జేబులో పెట్టుకుంది. అక్క మొహం తిప్పుకుని, లిప్‌స్టిక్‌ని రుమాల్లో చుట్టడం మొదలుపెట్టింది.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు: "ఇంగ్లీషు విని పట్టావంటే పైవాళ్ళు నమ్మట్లేదు. ఆవిడ ఇంగ్లీషులో వంక పెట్టడానికే లేదట కదా?"

"లేదండీ," అంది పిచ్చుక, కళ్ళు తుడుచుకుంటూ. "చాలా శ్రద్ధగా నేర్చుకుంది. మాస్టారి ఆయాసంతో సహా."