పొలుసు కింద ఎముక

ఆ ఉదయం పదకొండో పేరు కోర్లయ్యది. డాక్టరు ఇందుమతి అతని పొలుసులు కట్టిన మోచేతులను చర్మం పరీక్షించే త్వచలేఖిని కింద పెట్టించింది. తెర మీద పచ్చ. ఎముక బలం కొలిచే అస్థిలేఖినిలో నిలబెట్టింది. అక్కడా పచ్చే, కాకపోతే హద్దుకు వెంట్రుకవాసి పైన. రెండు పచ్చలు పడ్డాయి కనుక దిగుడు అనుమతి దానంతటదే తయారైంది. ఆమె వేలిముద్ర ఒక్కటే మిగిలింది. గంటలో తొట్టి సముద్రం అడుగున ఉన్న గనికి దిగుతుంది.

ఆమె ముద్ర వేయలేదు. కోర్లయ్య చొక్కా గుండీలు పెట్టుకోవడానికి పడుతున్న అవస్థను చూస్తోంది. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు వంగవనీ, మడమ సలుపుతుందనీ అడిగితే చెప్పాడు. ఆమె అతని పాత ఎముక చిత్రాలు తెప్పించి వరసగా పరిచింది. మూడేళ్లలో మూడు మెట్లు దిగజారింది ఎముక. వయసు నలభై మూడే. అతని పొలుసుల జబ్బు, సోరియాసిస్, చర్మశాఖది; ఎముకలు, ఒళ్లు ఎంత బరువు మోయగలదో చూసే భారశాఖవి. ఒకరి పత్రం మరొకరు ఏనాడూ చూడలేదు.

"దురదే కదమ్మా. పన్నెండేళ్ల నుంచి ఉన్నదే. దీనికి ఎవులైనా ఆపుతారేటి?" అన్నాడు కోర్లయ్య.

"దురదకు కాదు, కోర్లయ్య గారూ. పైన పొలుసులు లేపుతున్న వాపే లోపల కీళ్లను తింటోంది, ఎముకను గుల్ల చేస్తోంది. మందుంది, నిలబెట్టుకోవచ్చు. కానీ అడుగున తుంటి విరిగితే మిమ్మల్ని పైకి తేవడానికి ఆరు రోజులు పడుతుంది."

తొందరగా తెస్తే ఒత్తిడి మారి రక్తంలో బుడగలు కడతాయని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఆమె నిలుపుదల మీట నొక్కింది. యంత్రం కారణం అడిగి, నలభై కారణాలు చూపించింది. రెండు శాఖలనూ కలిపే కారణం అందులో ఒక్కటీ లేదు. అప్పుడు ఆమె గనిలో పొలుసులున్న వాళ్లందరి పత్రాలూ అడిగి, ప్రతి చర్మపత్రం పక్కనా ఎముక పత్రం చేర్చింది. ఇరవై ఆరుగురు. పంతొమ్మిది మంది ఎముకలు జారుతున్నాయి. వాళ్లలో నలుగురు ఇప్పుడు అడుగునే ఉన్నారు.

నలుగురినీ పైకి తీయాలని ఆమె నియంత్రణ గదికి చెప్పింది. ఏ శాఖ తెరా ఎర్రబడలేదు కదా, ఎవరి మాట మీద తీయాలని వాళ్లు అడిగారు. తన మాట మీదేనని, సంతకం పంపుతున్నానని ఆమె స్థిరంగా జవాబిచ్చింది. పచ్చ ఉండగా పని మానితే ఆ నలుగురికి మళ్లీ దిగే అవకాశం పోతుందనీ, వాళ్లు ఒప్పుకోరనీ అన్నారు.

కోర్లయ్య ఇదంతా విన్నాడు. ఆ నలుగురికీ పని నేర్పినవాడు అతనే. లేచి మైకు దగ్గరికి వచ్చి, ఆమె అనుమతి కోసం చూశాడు. ఆమె పక్కకు జరిగింది.

"నాను కోర్లయ్యని. పనొగ్గేసి పైకొచ్చీండి. ఇయాళ నాను దిగట్లేదు."

అడుగు నుంచి నాలుగు గొంతులు ఒకటొకటిగా సరే అన్నాయి. తెరలన్నీ పచ్చగా ఉండగానే అడుగున ఉన్న మరో తొట్టి గొలుసు, ఆరు రోజుల ప్రయాణానికి, మెల్లగా పైకి చుట్టుకోవడం మొదలైంది.