సీడీలో రామన్న ఊ

“మా తాతను కోసి పారేసినవ్!”

పటాన్‌చెరు బస్టాండు పక్కన సెల్‌ఫోన్ రిపేర్ షాపు నడుపుతున్న హరినాథ్ ఉలిక్కిపడి తలెత్తాడు. నిన్న పాత సీడీలోని కథను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుపోయిన అమ్మాయే. పేరు సృజన, మందుల కంపెనీ ల్యాబ్‌లో పని. మెడలో ఐడీ కార్డు ఊగిపోతోంది.

“ఏమైంది మేడం?”

“మా నాయినమ్మ కథ చెప్తుంటే రామన్న తాత ఊ కొడ్తడు. గది సీడీల ఉండె. నీ పెన్‌డ్రైవ్‌ల కథ ఉంది, ఊ లేదు!”

హరినాథ్‌కు సంగతి అర్థమైంది. నిన్న సీడీని కంప్యూటర్లోకి ఎక్కించాక, ప్రతి వాక్యం చివరా బొంగురుగా ఏదో చప్పుడు వినిపించింది. మైకు లోపమనుకుని ఒక్కొక్కటే తీసేశాడు. నూట పన్నెండు చోట్ల. పైగా చప్పుడంతా తీసేశానని ఆమెకు గొప్పగా చెప్పుకున్నాడు కూడా.

“ఊ కొట్టేటోళ్లు లేకుంటే కథెట్ల నడుస్తది? నీకెవ్వరు కథలు చెప్పలేదా? తాత పోయి ఆరేండ్లాయె. ఆయన గొంతు ఇంకెక్కడ లేదు!”

“తప్పైంది. సీడీ ఇయ్యండి, మళ్ల ఎక్కిస్త.”

ఈసారి సీడీ సగంలోనే ఆగిపోయింది.

“గీతలు పడ్డయి. మీరేమన్న గీకిన్రా...”

“నేనెందుకు గీకుత!”

కోపానికి ఆమె చెవులు ఎర్రబడ్డాయి. ఎంత బాగుందో అనుకుని, ఈ సమయంలో ఇదేం బుద్ధని తనను తానే తిట్టుకున్నాడు.

మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకు తుడిచాడు. స్పీడు తగ్గించాడు. లాభం లేదు. మూలన పడున్న పాత కంప్యూటర్ విప్పి, దాని డ్రైవ్ తెచ్చి బిగించాడు. వచ్చిన కస్టమర్లను రేపు రమ్మన్నాడు.

“జెర కూసోండి.”

“కూసోను.”

రెండు గంటల తర్వాత స్పీకర్‌లో నాయినమ్మ బీరమ్మ గొంతు పలికింది.

“రాజు అడివికి పోయిండట...”

“ఊ.”

సృజన కుర్చీలో కూలబడి ఏడ్చేసింది.

“ఈసారి దేన్నీ ముట్టలే. తాత దగ్గు గూడ ఉంది,” అన్నాడు మెల్లగా.

ఆమె కళ్లు తుడుచుకుంది. “నా కోపం పోయిందనుకోకు. ఆదివారం మా ఊరు ఇంద్రేశం రా. మా నాయినమ్మ ముందల నిజం ఒప్పుకో.”

“నిజమంటే... మీ మనుమరాలు నచ్చిందని గూడ చెప్పాలె మరి.”

సృజన గుమ్మంలో గిర్రున వెనక్కి తిరిగింది.

“గది ముందుగాల నాకు చెప్పాలె! గంత గూడ తెల్వదా?”