వెనక అద్దం మీద అక్క

నాన్న నర్సయ్య సాంబారు క్యాన్ తేవడానికి ఇంట్లోకి వెళ్లగానే, నిస్సీ కారు ముందు సీట్లోకి వంగి ఒక బటన్ నొక్కింది. దాని మీద వెలుగుతున్న నారింజ రంగు లైటు ఆరిపోయింది.

అంతటితో ఊరుకోలేదు. వెనక పెట్టిన ఇడ్లీ డబ్బా మూత కొంచెం పక్కకు జరిపింది. ఆవిరి గుప్పున లేచింది. బయట వాన. అద్దం చల్లగా ఉంది. చూస్తుండగానే వెనక అద్దమంతా తెల్లగా మసకబారింది.

ఆ మసకలోంచి మెల్లగా ఒక ముఖం తేలింది. రెండు జడలు, గుండ్రటి కళ్లు, చెవుల దాకా సాగిన నవ్వు.

"వచ్చినవా అక్కా?" అంది నిస్సీ.

అది వాళ్లక్క హెప్సిబా వేలితో గీసిన బొమ్మ. ఆలేరు దగ్గర హాస్టల్ బడిలో సీటు వచ్చి అక్క వెళ్లిన రోజు కూడా ఇలాగే వాన. నిస్సీ దారి పొడవునా ఏడుస్తుంటే అక్క అద్దం మీద తన ముఖం గీసి, "ఇగో, నేను ఈడనే ఉన్న" అంది. వేలి జిడ్డు అద్దానికి అంటుకుపోయింది. ఆవిరి పట్టినప్పుడల్లా బొమ్మ కనబడుతుంది. అద్దం తేటపడితే మాయమవుతుంది.

నర్సయ్యది టిఫిన్ల వ్యాపారం. నాచారంలోని ఇంట్లో భార్య విక్టోరియా వండుతుంది. ఆయన కారులో మల్లాపూర్ వర్క్‌షాపులకు చేరవేస్తాడు. పోతూ పోతూ నిస్సీని బడి దగ్గర దింపుతాడు. వ్యాపారంలో ఆయనది ఒకటే లెక్క: టిఫిన్ వేడిగా చేరాలి, మనుషులు క్షేమంగా చేరాలి. అందుకే వానాకాలంలో ముందు కారులోని తడి మ్యాట్లు దులుపుతాడు. డబ్బాల మూతలు బిగిస్తాడు. ఇంజన్ ఆన్ చేసి ఆ బటన్ నొక్కుతాడు. వెనక అద్దంలోని సన్నటి తీగలు వేడెక్కుతాయి. సామాను సర్దేలోపు ఆవిరంతా పోతుంది.

నిస్సీ లెక్క వేరు. ఇల్లంతా వెతికినా అక్క దొరకదు. మంచంలో అక్క పడుకునే వైపు దుప్పటి కూడా నలగదు. దొరికేది ఈ మసకలోనే, అదీ కాసేపే. 'గల్లీ దాటేదాకా ఉంటే చాలు. తర్వాత బటన్ నొక్కేస్తా. ఎవరికేం నష్టం?' అనుకుంది.

గల్లీ ఇరుకు. కారు తిప్పే జాగా లేదు. రోడ్డు దాకా రివర్సులోనే పోవాలి. నర్సయ్య క్యాన్ పెట్టి, స్టీరింగ్ ముందు కూర్చుని పైనున్న చిన్న అద్దంలోకి చూశాడు. తెల్లటి మసకలో వెనక దారే కనబడలేదు.

"ఏందిది, ఇంక తేటగాలే?" అన్నాడు. షిఫ్టు టైమ్ దగ్గరపడింది. కిటికీలోంచి తల బయటపెట్టి, హారన్ కొడుతూ మెల్లగా వెనక్కి పోనిచ్చాడు.

ఫట్!

"ఆగు నర్సయ్యా! ఆగు, ఆగు!"

బ్రేకు పడింది. ఇద్దరూ కిందికి దిగారు. ఎదురింటి శ్యామలమ్మ వాకిట్లో చేరిన వాన నీళ్లను చీపురుతో మోరీలోకి తోస్తోంది. ఆమె బకెట్ టైరు కింద ముక్కలైంది. ఆమె పాదం దాని పక్కనే ఉంది.

"దెబ్బ తాకిందా పెద్దమ్మా?" నర్సయ్య వంగి ఆమె పాదం చూశాడు.

"నాకేం గాలే. బకెట్ పోయింది. ఇంక జరంత ఎనుకకొస్తే నేను ఫోటోల ఉంటుంటి! నా మనుమరాలు ఆ ఫోటోతోటే ముచ్చట వెట్టుకునేది."

నిస్సీ ఒకసారి వెనక అద్దం వైపు చూసింది.

"తప్పైంది పెద్దమ్మా. పొద్దుమీకేసరికి కొత్త బకెట్ తెచ్చిస్త." నర్సయ్య కారులోకి వచ్చి బటన్ వైపు చూశాడు. లైటు లేదు. "నొక్కిననే అనుకున్న. నాకే మతి తప్పుతున్నట్టుంది. ఇంక బండి నడపొద్దేమో నేను."

ఆ మాట నిస్సీ తట్టుకోలేకపోయింది.

"నువ్ నొక్కినవ్ డాడీ. నేనే బంద్ చేసిన. డబ్బ మూత గూడ నేనే తీసిన."

"ఎందుకు బిడ్డా?"

నిస్సీ వెనక అద్దం వైపు వేలు చూపించింది. నర్సయ్య వెనక్కి తిరిగాడు. జడలేసుకుని నవ్వుతున్న ముఖాన్ని చాలాసేపు చూశాడు.

"నాకు తెల్వదా ఆ బొమ్మ? రోజూ జరసేపు దాన్నే సూస్త," అన్నాడు. బటన్ వైపు చెయ్యి చూపించాడు. "సూసి, బటన్ నొక్కుత."

నిస్సీ కళ్లు తుడుచుకుంది. డబ్బా మూత బిగించింది. సీటు కిందున్న గుడ్డ తడిపి తెచ్చి అద్దం మీద పెట్టింది.

"ఎట్లవడితే అట్ల రుద్దకు," అన్నాడు నర్సయ్య. "తీగల ఎంబడే, ఇటుకెల్లి అటు. గోరు తాకితే తీగ తెగుతది."

నిస్సీ తీగల వెంబడే తుడిచింది. జడలు పోయాయి. కళ్లు పోయాయి. నవ్వు దగ్గర చెయ్యి ఆగింది. తర్వాత అదీ తుడిచి, పొడిగుడ్డతో జిడ్డు లేకుండా చేసింది. వచ్చి తనే బటన్ నొక్కింది.

ఆ తర్వాత ఎన్ని వానలు పడ్డా బొమ్మ రాలేదు. అయినా నిస్సీ ఒకసారి వెనక్కి చూసేది. చూసి, బటన్ నొక్కేది.

"ఎనుక ఎట్లుంది బిడ్డా?"

"తేటగుంది డాడీ. పోనియ్!"

దసరా సెలవులొచ్చాయి. ఆ సాయంత్రం ఉప్పల్ బస్టాప్‌కు కాస్త అవతల, అది వెనక అద్దంలో కనబడేట్టు కారు ఆపారు. ఇంజన్ ఆన్‌లోనే ఉంది. వాన దంచుతోంది. వరంగల్ వైపు నుంచి బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. అక్క మాత్రం దిగడం లేదు. వెనక సీట్లో మోకాళ్ల మీద నిలబడి చూస్తున్న నిస్సీ ఊపిరికే అద్దం మసకబారసాగింది. గబుక్కున ముందుకు వంగి బటన్ నొక్కింది.

తీగ తీగకూ అద్దం తేటపడింది. గీతల నడుమ మొదట గొడుగులు కనిపించాయి. తర్వాత ఒక బస్సు. బస్సు దిగి, నెత్తి మీద బ్యాగు పెట్టుకుని ఎవరో పరుగెత్తుకొస్తున్నారు. రెండు జడల నుంచీ నీళ్లు కారుతున్నాయి.

"డాడీ, అక్క!"

నర్సయ్య తల తిప్పేలోపే నిస్సీ డోరు తెరిచేసింది. హెప్సిబా లోపలికి దూకి చెల్లెల్ని తడితడిగా వాటేసుకుంది. తర్వాత వెనక అద్దం వైపు చూసింది.

"నా బొమ్మ ఏదే? తుడిచేసినవా? గంత చెడ్డగున్ననా?"

"మరి నువ్వొస్తుంటే కనబడొద్దా?" అంది నిస్సీ. పొడిగుడ్డ తీసి అక్క చేతిలో పెట్టింది. "ముందుగాల జడలు తుడుసుకో. అద్దం మసకవడ్తది."